అచ్చుకెక్కిన ఉత్తరం, ఎక్కని ఉత్తరం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు తప్పించుకుందామనే చూశాను. ముప్పై ఏళ్ళుగా అద్దకం మిల్లుల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు కడుతున్నవాణ్ణి. రిపోర్టు రాయమంటే రాస్తాను గానీ వ్యాసం నా వల్ల ఏమవుతుంది? "నీ బాకీ ఒకటి ఉంది గదరా, ఇప్పుడన్నా తీర్చు" అన్నాడు వాడు. ఏ బాకీయో నాకు తెలుసు. మా బ్యాచ్ వాళ్ళందరికీ తెలుసు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు మూడు వందల ఏళ్ళ కిందటి ఒక పత్రిక కథ చెప్పనివ్వండి. అది ఫ్రాన్సు దేశంలో కాథలిక్ గురువులు నడిపిన పత్రిక. రావిర్యాలకూ దానికీ ఏం సంబంధమని సార్లు, టీచర్లు, మిత్రులు అడగవచ్చు. అది కూడా ఒక బడిలోనే తయారైంది. అంతవరకు చాలు ప్రస్తుతానికి.

ఆ పత్రికను నేను వెతుక్కుంటూ పోలేదు. చాలా ఏళ్ళ కిందట ఒక పని మీద సహజ రంగుల గురించి చదవవలసి వచ్చింది. రసాయన రంగులు రాకముందు మన దేశంలో నూలు బట్టకు ఉతికినా పోని రంగు ఎలా వేసేవారు? పాత అద్దకాల మీద ఏ పుస్తకం తెరిచినా ఒక పేరు తగిలేది: ఫాదర్ కేర్దూ, 1742. ఎవరీయన అని పోతే ఒక ఉత్తరం దొరికింది, ఉత్తరం వెనక ఒక గ్రంథమాల, దాని పక్కనే ఒక పత్రిక దొరికాయి. ఇంజనీరుకు ఒక పైపు ఎక్కడ నుంచి వస్తుందో చూడకపోతే నిద్రపట్టదు. అలా తవ్వుకుంటూ పోయాను.

యూరప్‌లో పండితుల పత్రికలు 1665లో మొదలయ్యాయి. జనవరిలో పారిస్‌లో 'జర్నల్ దె సవాన్', అంటే పండితుల పత్రిక, మార్చిలో లండన్‌లో రాయల్ సొసైటీ వారి 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' వచ్చాయి. అంతకుముందు ఒక ఊరి పండితుడికి ఏదైనా తడితే ఇంకో ఊరి పండితుడికి ఉత్తరం రాసేవాడు. ఆ ఉత్తరం చేతులు మారేది, నకళ్ళు తీసేవారు, కొన్ని దారిలో పోయేవి. పత్రిక వచ్చాక ఒకరి ఉత్తరం ఒకేసారి వెయ్యిమందికి చేరింది. అంతకన్నా ముఖ్యం, దాని మీద ఒక తేదీ పడింది. ఫలానా మాట ఫలానా వాడు ఫలానా నెలలో అన్నాడని రుజువు మిగిలింది.

కాథలిక్ సన్యాసుల్లో జెస్యూట్లు అనే శాఖ ఉంది. ఇగ్నేషియస్ లయోలా స్థాపించిన ఈ సభకు 1540లో పోప్ అనుమతి వచ్చింది. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ పేరు విన్నవారికి ఆ లయోలా ఈయనే. బడులు నడపడం వారి ప్రధాన వృత్తి. పారిస్‌లో లూయీ ల గ్రాం అనే పెద్ద బడి వారిదే. 1701 జనవరిలో ఆ బడి గురువులు ఒక మాసపత్రిక మొదలుపెట్టారు. దాని అసలు పేరు తెలుగులో చెప్పాలంటే 'విజ్ఞాన శాస్త్రాల, లలిత కళల చరిత్రకు పనికివచ్చే జ్ఞాపికలు'. అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు? జనం 'ట్రెవూ పత్రిక' అనేశారు. ట్రెవూ లియాన్ నగరం దగ్గర చిన్న ఊరు, దోంబ్ అనే బుల్లి సంస్థానానికి రాజధాని. ఆ సంస్థానం పద్నాలుగో లూయీ కొడుకు మేన్ ప్రభువు చేతిలో ఉండేది. పారిస్‌లో పత్రిక వేయాలంటే అనుమతుల చిక్కులు, పాత పత్రికకున్న గుత్త హక్కులు అడ్డం. కాబట్టి రాత పారిస్‌లో, అచ్చు ట్రెవూలో. ఫ్యాక్టరీని పన్ను తక్కువున్న పక్క రాష్ట్రంలో పెట్టినట్టు. తర్వాత మూడు దశాబ్దాలకు అచ్చు కూడా పారిస్‌కే వచ్చేసింది గానీ పేరు మాత్రం ట్రెవూ పేరే నిలిచింది.

అందులో ఏముండేది? ఎక్కువ భాగం కొత్త పుస్తకాల పరిచయం. ఒక్కో పుస్తకానికి పది, ఇరవై పేజీలు. అందులో ఏం చెప్పాడు, ఎక్కడ ఒప్పుకోవచ్చు, ఎక్కడ ఒప్పుకోలేం. వేదాంతం ఉండేది, గణితం, ఖగోళం, నాణేలు, వైద్యం, వ్యాకరణం కూడా ఉండేవి. పుస్తకం కొనలేని పల్లెటూరి గురువు కూడా ఈ పత్రిక చదివి దేశంలో ఏ ఆలోచన నడుస్తున్నదో తెలుసుకునేవాడు. అది మతాన్ని కాపాడటానికి పెట్టిన పత్రికే. అందులో దాపరికం లేదు. కానీ ఎదుటివాడి పుస్తకాన్ని పూర్తిగా చదవకుండా ఖండించకూడదన్న పట్టింపు దాని మంచి సంపాదకులకు ఉండేది. ఈ రోజుల్లో అదే పెద్ద విషయమనిపిస్తుంది నాకు.

పూర్వ విద్యార్థుల సంచిక కాబట్టి ఒక ముచ్చట చెప్పాలి. ఈ బడి పూర్వ విద్యార్థుల్లో అందరికన్నా పేరు మోసినవాడు వోల్టేర్. 1704 నుంచి 1711 దాకా అక్కడే చదివాడు. పత్రిక తొలి సంపాదకుల్లో ముఖ్యుడైన తూర్నెమీన్ అతనికి ఆ రోజుల నుంచే తెలిసిన గురువు. పెద్దయ్యాక వోల్టేర్ చర్చికి బద్ధశత్రువయ్యాడు. 1745 నుంచి పత్రికకు బెర్తియే అనే జెస్యూట్ సంపాదకుడు. 1759లో వోల్టేర్ ఒక ఎగతాళి కథ అచ్చువేశాడు. బెర్తియే బండిలో పోతూ పోతూ సొమ్మసిల్లి పడతాడు. వైద్యులు పరీక్ష చేస్తే, పక్కన పెట్టుకున్న ట్రెవూ పత్రిక ప్రతుల నుంచి వచ్చిన విషవాయువు సోకి చచ్చిపోతున్నాడని తేలుతుంది! బెర్తియే అప్పటికి నిక్షేపంగా బతికే ఉన్నాడు. తాను చదివిన బడి పత్రికను ఇంతగా వెక్కిరించిన పూర్వ విద్యార్థి ఇంకొకడు ఉండడు. మన సంచికకు అలాంటివాడు దొరకకూడదని కార్యదర్శి కోరుకుంటున్నాడు, నాకు మాత్రం కనీసం చదివి వెక్కిరించేవాడన్నా ఉండాలనిపిస్తుంది.

వోల్టేర్‌కు అంత కోపం రావడానికి కారణం ఉంది. 1750 చివర్లో దిదెరో తన విజ్ఞాన సర్వస్వం గురించి ప్రకటన పత్రం వేశాడు. 1751 జనవరి సంచికలోనే బెర్తియే దాన్ని పట్టుకున్నాడు. జ్ఞానాన్ని చెట్టు కొమ్మల్లా విభజించిన ఆ పటం ఇంగ్లండ్ తత్త్వవేత్త బేకన్ నుంచి తెచ్చుకున్నదేనని, ఎక్కడ తేడా ఉందో ఎక్కడ లేదో పక్కపక్కన పెట్టి చూపించాడు. దిదెరో మండిపడి బహిరంగ లేఖ రాశాడు. ఆ ఏడాది మొదటి సంపుటం వచ్చాక బెర్తియే ఇంకా ముందుకు పోయాడు. ఏ వ్యాసం ఏ పుస్తకం నుంచి పేరు చెప్పకుండా ఎత్తిరాసిందో నెల నెలా జాబితా ఇచ్చాడు. ఫ్రెంచి విప్లవానికి దారి వేసిన గొప్ప గ్రంథమని మనం టెన్త్ సోషల్ పుస్తకంలో చదువుకున్న విజ్ఞాన సర్వస్వానికి మొదటి కాపీ తనిఖీ చేసింది ఒక సన్యాసుల పత్రిక. గ్రంథం గొప్పదే, నిస్సందేహంగా. తనిఖీ కూడా నిజమే.

ఇక అసలు ఉత్తరం దగ్గరికి వస్తాను. ట్రెవూ పత్రిక మొదలైన మరుసటి ఏడు, 1702లో, అదే పారిస్ జెస్యూట్లు ఇంకో గ్రంథమాల మొదలుపెట్టారు. చైనా, ఇండియా, అమెరికాల్లో తిరిగే తమ గురువులు రాసే ఉత్తరాలను సంపుటాలుగా అచ్చువేయడం దాని పని. 'బోధప్రదమైన, ఆసక్తికరమైన లేఖలు' అని దాని పేరుకు అర్థం. 1776 దాకా 34 సంపుటాలు వచ్చాయి. పత్రిక పుస్తకాలను తూచేది, ఈ లేఖలు దూరదేశాల నుంచి సరుకు తెచ్చేవి. రెండూ ఒకే ఇంటి అన్నదమ్ములు. ఆ లేఖల్లో మన పుంగనూరు ఉంది, అనంతపురం వైపు కృష్ణాపురం ఉంది, మద్దిగుబ్బ ఉంది. ఫ్రెంచి జెస్యూట్లు 'కర్ణాటక మిషన్' అని పిలుచుకున్న ప్రాంతంలో చాలా భాగం తెలుగు నేలే. వారు కాషాయం కట్టి, మాంసం మాని, తెలుగు నేర్చి తిరిగారు. 1730ల్లో ఫాదర్ కాల్మెత్ వంటివారు వేదాల ప్రతులు సంపాదించి పారిస్ రాజ గ్రంథాలయానికి పంపించారు. వేదాన్ని ఖండించడానికే వెతికామని వారే రాసుకున్నారు. ఖండించడానికి వెతికినా, దొరికినదాన్ని భద్రంగా పంపారు.

గాస్టన్ లారెంట్ కేర్దూ 1691లో ఫ్రాన్సులోని బూర్జ్ ఊళ్ళో పుట్టాడు. 1732లో ఇండియాకు వచ్చి కర్ణాటక మిషన్‌లో చేరి, తెలుగు ప్రాంతాల్లో పనిచేశాడు. ఒక తెలుగు నిఘంటువు కూర్చాడు. 1744లో మిషన్ పెద్దగా పాండిచ్చేరికి పోయి 1779లో అక్కడే చనిపోయాడు. అంటే 47 ఏళ్ళు ఈ దేశంలోనే ఉన్నాడు, తిరిగి ఇల్లు చూడలేదు.

1742 జనవరిలో ఆయన లేఖల సంపాదకుడైన ద్యు హాల్ద్‌కు ఒక పొడుగు ఉత్తరం రాశాడు. అది 1743లో 26వ సంపుటంలో అచ్చయింది. విషయం, కోరమాండల్ తీరంలో నూలు బట్టల మీద బొమ్మలు వేసి రంగులద్దే పద్ధతి. మనం కలంకారీ అంటున్నామే, ఆ కుటుంబపు పని. ఆ బట్టల కోసం యూరప్ అప్పట్లో వెర్రెత్తిపోయింది. ఎంతగా అంటే, తమ నేతగాళ్ళు దివాలా తీస్తున్నారని ఫ్రాన్సు ప్రభుత్వం 1686లో ఈ రంగు బట్టల దిగుమతినీ, తయారీనీ కూడా నిషేధించింది. నిషేధం 1759 దాకా ఉంది. అయినా దొంగచాటుగా వస్తూనే ఉండేవి. వాళ్ళ రంగులు ఉతికితే పోయేవి, మన రంగులు ఉతికితే ఇంకా తేటపడేవి. ఆ కిటుకు ఏమిటో వారికి అంతు చిక్కలేదు.

కేర్దూ ఎలా కనుక్కున్నాడో ఆయనే చెప్పాడు. కొత్తగా క్రైస్తవులైన వారిలో ఈ పని తెలిసినవారు ఉన్నారు. వారిని ఒక్కొక్కరిని విడివిడిగా, పలుమార్లు అడిగి, జవాబులు సరిపోల్చుకుని రాశాడట. ఇంజనీరుగా నాకు ముచ్చటేసింది ఇక్కడే. మేమూ ప్లాంటులో ఏదైనా చెడితే మూడు షిఫ్టుల ఆపరేటర్లను విడివిడిగానే అడుగుతాం.

ఆ ఉత్తరంలోని పద్ధతి క్లుప్తంగా ఇది. సగం చలువ చేసిన బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. మడత పెట్టి కొయ్యతో బాది నున్నగా చేస్తారు. కాగితం మీద బొమ్మకు సూదితో బెజ్జాలు పొడిచి, దాని మీద బొగ్గుపొడి దులిపి గీతలు బట్ట మీదికి దింపుతారు. నల్ల గీతలకు ఇనుము నానబెట్టిన పులుపునీళ్ళు వాడతారు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు రాస్తారు. తర్వాత చిరివేరు వేసి కాచిన నీళ్ళలో బట్ట మొత్తం మరిగిస్తారు. నీలానికి వేరే దారి. నీలం వద్దనుకున్న చోటంతా మైనం పూసి, నీలిమందు తొట్టిలో ముంచి, తర్వాత వేడినీళ్ళలో మైనం కరిగిస్తారు.

చూడటానికి వంట వివరంలా ఉంటుంది. లోపల ఉన్నది గట్టి రసాయన శాస్త్రం. నూలు దారానికి రంగును పట్టుకునే గుణం తక్కువ. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో దారాన్ని, ఇంకో చేత్తో చిరివేరు రంగును పట్టుకుంటుంది. అందుకే పటిక రాసిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతా చోట ఉతికితే పోతుంది. కరక్కాయ వగరుతో ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. పాత కాలపు రాతసిరాలోనూ ఇదే కిటుకు. పాలలోని కొవ్వు ఆ నీళ్ళను బట్టలో పాకనివ్వదు, గీత గీతలాగే ఉంటుంది. చిత్రకారుడు బట్ట మీద రాస్తున్నది రంగు కాదు, రంగు ఎక్కడ నిలవాలో చెప్పే మందు. తొట్టిలో నుంచి బయటికి తీసేదాకా బొమ్మ పూర్తిగా కనపడదు. నేను ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు చదివి నేర్చుకున్నదాన్ని అక్షరం రాని ఇళ్ళల్లో తాతల నుంచి మనవలకు చేతితోనే చెప్పారు. శ్రీకాళహస్తిలో ఇవాళ్టికీ కరక్కాయ, పాలు, పటిక ఇదే వరసలో వాడుతున్నారు. వీలైతే ఒకసారి పోయి చూడండి.

కేర్దూ ఉత్తరం యూరప్‌లో అద్దకాల వాళ్ళు చదివి వాడుకున్నవాటిలో ఒకటి. ఇలాంటిది అదే లేఖల్లో చైనా నుంచి కూడా వచ్చింది. పింగాణీ తయారీ మీద ఫాదర్ దాంత్రకోల్ 1712లో, 1722లో రాసిన రెండు ఉత్తరాలు. వాటి నుంచి ఇంగ్లండ్‌లో వెడ్జ్‌వుడ్ నోట్సు రాసుకున్నాడు. నేడు దీన్ని సాంకేతిక రహస్యాల చోరీ అంటాం. అప్పట్లో అటువంటి చట్టమేదీ లేదు గనక కేర్దూను దొంగ అనను. ఆయన పద్ధతి రాశాడు, తన పేరు పెట్టుకున్నాడు, తేదీ వేశాడు. చెప్పిన అద్దకగాళ్ళ పేర్లు మాత్రం రాయలేదు. రెండున్నర శతాబ్దాలు దాటినా ఆ పద్ధతి 'కేర్దూ ఉత్తరం'గానే పుస్తకాల్లో ఉంది. నీళ్ళలో చేతులు ముంచినవారికి పేరు లేదు.

ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. పేరు పెట్టుకున్న కేర్దూకే ఆ గతి పట్టింది.

1760 దాటాక ఫ్రాన్సులో జెస్యూట్ల మీద గాలి మారింది. 1762లో పారిస్ న్యాయస్థానం వారి బడులు మూయించింది. లూయీ ల గ్రాం చేతులు మారింది. 1764లో రాజు ఉత్తర్వుతో ఫ్రాన్సులో వారి సభే రద్దయింది. బెర్తియే 1762లోనే పత్రిక వదిలి వెళ్ళాడు. వేరేవాళ్ళు కొన్నాళ్ళు లాగి 1767లో ఆపేశారు. 1773లో పోపే ప్రపంచమంతటా ఆ సభను రద్దుచేశాడు. లేఖల సంపుటాలు ఇంకో మూడేళ్ళు ఈడ్చి ఆగిపోయాయి.

సరిగ్గా పత్రిక చచ్చిపోయిన 1767 లోనే పాండిచ్చేరిలో 76వ ఏట ఉన్న కేర్దూ తన జీవితంలో అతి ముఖ్యమైన ఉత్తరం రాశాడు. దాన్ని పారిస్‌లోని శాసనాల అకాడమీలో ఉన్న బార్తెలెమీ అనే పండితుడికి పంపాడు. అందులో ఒక ప్రశ్న వేశాడు. సంస్కృతంలో ఇన్ని మాటలు లాటిన్, గ్రీకు మాటలను ఎందుకు పోలి ఉన్నాయి? దానం, దోనుమ్. విధవ, విదువా. అగ్ని, ఇగ్నిస్. నవ, నోవుస్. మధ్య, మెదియుస్. జాను, గెను. మాటలు అరువు తెచ్చుకోవచ్చు అంటారేమోనని క్రియలు కూడా పక్కన పెట్టాడు. వ్యాపారం వల్ల వచ్చిందా, మతం వల్ల వచ్చిందా, పండితుల రాకపోకల వల్ల వచ్చిందా అని ఒక్కొక్కటి పరిశీలించి, కాదు, ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టరికమే అని తేల్చాడు. ఆ మూలం ఎక్కడిదన్నప్పుడు బైబిల్లో నోవా సంతానం దగ్గరికి వెళ్ళాడు. అది ఆయన కాలం, ఆయన నమ్మకం. మాటల పోలిక మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ ఉత్తరం అచ్చు కాలేదు. ఒక సొరుగులో పడి ఉంది. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభలో విలియం జోన్స్ ఉపన్యాసం ఇచ్చాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నాడు. సొసైటీకి సొంత పత్రిక ఉంది. రెండేళ్ళలో, 1788లో, అది అచ్చయి యూరప్ చేరింది. భాషా శాస్త్రం పుట్టిన రోజు ఏదంటే నేటికీ ఆ ఫిబ్రవరి 2నే చెబుతారు. కేర్దూ ఉత్తరాన్ని ఆంక్తిల్ ద్యుపెరోన్ అనే పండితుడు అకాడమీ సంపుటంలో చేర్చి బయటపెట్టేసరికి 1808. రాసిన 41 ఏళ్ళకు. రాసినవాడు పోయి 29 ఏళ్ళకు.

జోన్స్ దొంగిలించాడని నేను అనడం లేదు. ఆయన స్వయంగా కనుక్కున్నాడు. చెప్పిన తీరులోనూ ఆయనదే పైచేయి. ట్రెవూ పత్రిక బతికి ఉంటే ఈ ఉత్తరం తప్పక వేసేదని కూడా అనలేను. కానీ 1742లో కేర్దూ రాసిన అద్దకాల ఉత్తరం మరుసటి ఏడాదికే అచ్చయింది. అప్పుడు ఆయన వెనక ఒక సంపాదకుడు, ఒక అచ్చు యంత్రం, ఎదురుచూసే పాఠకులు ఉన్నారు. 1767లో ఎవరూ లేరు. మనిషి అతడే, కలమూ అదే, తెలివి ఇంకా పదును తేలింది. వెనక పత్రిక లేదు.

కేర్దూకు ఇంకో దెబ్బ కూడా ఉంది. ఇక్కడి ఆచార వ్యవహారాల మీద ఆయన పెద్ద గ్రంథం రాసి పెట్టుకున్నాడు. అదీ అచ్చు కాలేదు. 1816లో లండన్‌లో అబ్బె ద్యుబ్వా అనే మరో ఫ్రెంచి గురువు పేరుతో హిందువుల ఆచారాల మీద ప్రఖ్యాత పుస్తకం వచ్చింది. అంతకు ముందే ఈస్టిండియా కంపెనీ ఆ రాతప్రతిని డబ్బిచ్చి కొన్నది. అందులో ఎక్కువ భాగం కేర్దూ గ్రంథం నుంచి ఎత్తిందేనని సిల్వియా మ్యూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు 1987లో నిరూపించింది. విజ్ఞాన సర్వస్వం ఎత్తిపోతలను నెల తిరక్కుండా పట్టుకున్న బెర్తియే లాంటి సంపాదకుడు ఉంటే దీనికి 170 ఏళ్ళు పట్టేదా?

అదే 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని, కాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఆధారాలతో చూపించాడు. ఆ కాస్త అచ్చయింది గనక నిలిచింది. ఎల్లిస్ 1819లో హఠాత్తుగా పోయాడు. ఆయన మిగతా కాగితాలు ఒక కలెక్టరు వంటవాడి చేతిలో పడి, కోళ్ళు కాల్చడానికి, పొయ్యి రాజేయడానికి నెలల తరబడి పనికొచ్చాయని చెబుతారు.

ఇదంతా ఫ్రెంచివాళ్ళ, దొరల గొడవ అనుకోకండి. మన తెలంగాణకు ఈ దెబ్బ తగిలింది, జవాబు చెప్పింది కూడా పత్రికే. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఒక పెద్దమనిషి రాసేశాడు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు కోపంతో సంపాదకీయం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులు. కవులు అంతకు ముందూ ఉన్నారు. పద్యాలు తాటాకుల్లో, నోట్‌బుక్కుల్లో, నోళ్ళల్లో ఉన్నాయి. అచ్చులో లేకపోవడం వల్ల లేనివాళ్ళయిపోయారు.

ఇప్పుడు నా బాకీ.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, 1984లో, మన బడికి గోడపత్రిక ఉండేది. డ్రాయింగ్ షీట్ల మీద చేత్తో రాసి ఆఫీసు రూము పక్క గోడకు అంటించేవాళ్ళం. నా చేతిరాత బాగుంటుందని నన్ను సంపాదకుణ్ణి చేశారు. అప్పటి సోషల్ సారు (ఆయన పేరు రాయను, మా బ్యాచ్‌కు తెలుసు, ఆయనకు పేరు చెప్పించుకోవడం ఇష్టం ఉండేది కాదు) రావిర్యాల చెరువు మీద ఒక నోట్‌బుక్కు రాసుకున్నారు. ఆదివారాలు చెరువు కట్ట మీద నీరడి తాతతో, ముసలి రైతులతో కూర్చుని, కట్టలో, తూములో, కాల్వలో ప్రతి భాగానికి ఊళ్ళో వాడే పేరు, దాని పని, ఎవరి పొలానికి ఏ వంతున నీళ్ళు పోవాలి, తగాదా వస్తే ఎలా తేల్చేవారు, అన్నీ అడిగి రాశారు. చెప్పిన ప్రతి మనిషి పేరూ పక్కన రాశారు. కేర్దూ చేయని పని అది. ఆ నోట్‌బుక్కు నాకిచ్చి, "నెలకు రెండు పేజీల చొప్పున గోడపత్రికలో ఎక్కించు బిడ్డా" అన్నారు.

మొదటి నెల ఎక్కించాను. రెండో నెలలో పరీక్షలు. తర్వాత సెలవులు. సెలవుల్లో బడికి సున్నం వేశారు, గోడ మీది షీట్లు పోయాయి. సారు బదిలీ అయి వెళ్ళిపోయారు, నోట్‌బుక్కు అడగలేదు. నేను ఇంటర్‌కు పట్నం పోతూ దాన్ని ఇంట్లో రేకు పెట్టెలో పెట్టాను. అడుగున పెట్టాను. పదకొండేళ్ళకు ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు పెట్టె తీస్తే చెదలు అట్ట మాత్రం మిగిల్చాయి. సారు దగ్గరికి పోయి చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన పోయిన వార్త తెలిసేదాకా పోలేదు.

మొన్న రావిర్యాల పోయినప్పుడు కట్ట మీద నిలబడ్డాను. ఒక పక్క అవుటర్ రింగు రోడ్డు, ఒక పక్క ఫ్యాబ్ సిటీ, హార్డ్‌వేర్ పార్కు. ప్లాట్ల బ్రోకరు ఒకాయన వచ్చి, "సార్, లేక్ వ్యూ" అన్నాడు. తూము ఎక్కడని అడిగితే ఆయనకు తెలియలేదు. నాతో వచ్చిన మా అబ్బాయికి తూము అంటేనే తెలియదు. తప్పు వాళ్ళది కాదు.

నోట్‌బుక్కులో నలభై దాకా మాటలు ఉండేవని గుర్తు. కూర్చుని రాస్తే నాకు వచ్చినవి ఇవి: కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు, కత్వ, ఒర్రె, కుంట, గండి, నీరడి, తైబంది. మత్తడి అంటే చెరువు నిండాక నీళ్ళు దూకే చోటు. కత్వ అంటే వాగుకు అడ్డంగా వేసే చిన్న కట్ట. తైబంది అంటే నీళ్ళు తక్కువైన ఏడు ఎవరు ఎంత పొలం వేయాలో ఊరు కూర్చుని తేల్చుకోవడం. తూము లోపల నీటిని ఆపే కొయ్యకు ఒక పేరుండేది, నీరడి తాత చెప్పింది, సారు ఎర్రసిరాతో గీత గీశారు. అది గుర్తు రావడం లేదు. నీరడి తాత ఇంటివాళ్ళు గానీ, మాకన్నా ముందు బ్యాచ్‌ల వాళ్ళు గానీ, ఆ ఆయకట్టు కింద సేద్యం చేసినవాళ్ళు గానీ ఉంటే మీకు తెలిసిన మాట, దాని అర్థం, మీకు అది ఎవరు చెప్పారో వారి పేరుతో సహా ఒక కార్డు మీద రాసి సంఘానికి పంపండి. టైపు చేసే పని నాది. వచ్చే ఏడు సంచికలో నాలుగు పేజీలు దీనికి ఉంచుతానని కార్యదర్శి మాట ఇచ్చాడు.